ఎండిన వాగు దగ్గర ఆగే బస్సు

నా పదవీ విరమణ రోజున వేదిక మీద నా పేరు తప్పు చదివారు. నా మెడలో వేసిన దండ అదే పొద్దున ఇంకెవరి మెడలోనో ఉండి వచ్చింది, చామంతులు అప్పటికే నలిగిపోయి ఉన్నాయి. కూర్చోబెట్టిన కుర్చీకి ఒక చెయ్యి లేదు. ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం మంచి గుణం కాదని మా ఆవిడ అంటుంది. కావచ్చు. కానీ డాక్టరుగా నాకు పనికొచ్చిన గుణాల్లో ఇదొకటి. ఎలాగో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలు నన్ను ప్రమోషన్ల గురించి అడుగుతారు. వాటి గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. డెబ్బైల్లో మానసిక వైద్యంలో డిప్లొమా చేసి నంద్యాలకు వచ్చాను. పాత మంచాలు పడేసిన గది ఒకటి నాకిచ్చారు. తలుపు మీద బోర్డు తగిలించుకుంటానంటే మేకు లేదన్నారు. కొన్నేళ్లకు ఆళ్లగడ్డకు పంపారు. అక్కడ మేకు ఉంది, గది లేదు. తేలు కుట్టినవాళ్లకు సూదులు, ఎద్దు పొడిచినవాళ్లకు కుట్లు, మధ్యలో ఎప్పుడైనా ఒక మనసు రోగి. నా ఉద్యోగం అదీ.

సగం జబ్బు

చావు అంచు దాకా పోయి వచ్చిన మనిషికి, కళ్ల ముందు ఘోరం చూసిన మనిషికి, తర్వాత మనసును పట్టుకునే జబ్బు ఒకటుంది. నేను ఉద్యోగంలో ఉన్న కాలంలోనే దానికి పుస్తకాల్లో కొత్త పేరు, లక్షణాల పట్టీ వచ్చాయి. జరిగిందే మళ్లీ మళ్లీ కలలోకి రావడం, చిన్న చప్పుడుకు ఉలిక్కిపడటం, ఆ చోటికి పోలేకపోవడం, అయినవాళ్లతో కూడా అంటీముట్టనట్టు ఉండటం, ఇలాంటివి. పట్టీలో ఇన్ని ఉంటే జబ్బు. ఒకటి తగ్గితే కాదు. ముప్పై అయిదు మార్కులొస్తే పాసు, ముప్పై నాలుగొస్తే ఫెయిలు అన్నట్టు.

పూర్తి జబ్బు వచ్చినవాణ్ణి ఇంట్లోవాళ్లే భయపడి తీసుకొస్తారు. సగం జబ్బువాడు రాడు. పనికి పోతాడు, తింటాడు, నిద్రపోతాడు, పెళ్లిళ్లలో వడ్డన కూడా చేస్తాడు. ఏదో ఒక్క పని మాత్రం చేయడు. ఆ ఒక్క పని చుట్టూ ఇల్లంతా సర్దుకుంటుంది.

నంద్యాలలో ఒకామె స్టవ్వు పేలినా బతికి బయటపడింది. కాలిన గాయాలు మానాయి. మళ్లీ వంట చేస్తోంది. అగ్గిపుల్ల మాత్రం గీయదు. కోడలు గీస్తుంది. కోడలు పుట్టింటికి పోతే పక్కింటామె వచ్చి గీస్తుంది. నేను అడిగితే ఆ కోడలు నామీదే లేచింది.

"మా అత్తకేం జబ్బు సార్? నాకంటే బాగా వండుతాది."

వీధంతా అగ్గిపుల్లలు గీస్తూ ఉంటే జబ్బు ఎవరికి కనపడుతుంది? సగం జబ్బులో ఒక ముక్క రోగి మోస్తాడు, మిగతాది చుట్టూ ఉన్నవాళ్లు మోస్తారు. అందుకే ఎవరికీ బరువు తెలియదు. ఈ పాఠం నాకు పూర్తిగా నేర్పింది మాత్రం ఒక బస్సు.

యోసేపు

నంద్యాల నుంచి లోపలి ఊళ్ల మీదుగా ఆళ్లగడ్డకు ఒక ప్రైవేటు బస్సు నడిచేది. డ్రైవరు యోసేపు. నల్లగా, లావుగా, నవ్వితే బస్సు వెనక సీటుకు వినపడే మనిషి. ఆళ్లగడ్డలో చర్చి వెనక ఇల్లు. ఓనరు మద్దిలేటి రెడ్డి నంద్యాలలో ఉండేవాడు.

ఆ దారిలో ఒక వాగు, దాని మీద ఎత్తు తక్కువ చప్టా. ఒక వానాకాలం సాయంత్రం బస్సు చప్టా మధ్యలో ఆగిపోయింది. ఎగువన కురిసిన వాన నీళ్లు ఒక్కసారిగా దిగాయి. యోసేపు టాపు మీదికెక్కి, కిటికీల్లోంచి జనాన్ని ఒక్కొక్కరినే పైకి లాగాడు. అందరూ బతికారు, చెన్నమ్మవ్వ ఒక్కతే కొట్టుకుపోయింది. నంద్యాలలో కంటి ఆపరేషన్ చేయించుకుని, కంటికి పచ్చగుడ్డ కట్టుకుని ఇంటికి పోతున్న ముసలమ్మ.

ఊరు యోసేపును మోసింది. మద్దిలేటి రెడ్డి స్వయంగా దండ వేశాడు. చర్చిలో ప్రార్థన పెట్టారు. ఇంత పెద్ద మెప్పు వచ్చినవాణ్ణి "నీకెట్ల ఉంది?" అని ఎవరూ అడగరు. మీరు మాత్రం అడగండి. దండ పడిన మెడ కనిపిస్తే ముందు అదే అడగండి.

బస్సు బాగుచేసి మళ్లీ రోడ్డెక్కించారు. యోసేపు మామూలుగానే నడుపుతున్నాడు. ఒక్కటే తేడా. వాగు దగ్గర బస్సు ఆపి, "అందరూ దిగండప్పా, నడిచి దాటండి" అంటాడు. ఖాళీ బస్సు తను దాటించి అవతల ఎక్కించుకుంటాడు. వానాకాలంలో అది జాగ్రత్త. సంక్రాంతి దాటాక కూడా అదే. మాఘమాసంలో వాగులో గొర్రెలు మేస్తున్నప్పుడు కూడా అదే.

మొదట్లో జనం తిట్టుకున్నారు. తర్వాత ఆ జనమే ఏం చేశారంటే, దానికి ఒక అర్థం కనిపెట్టారు. యోసేపు మొక్కుకున్నాడన్నారు. వాగు తల్లి వదిలిపెట్టిన బస్సు కాబట్టి ఆమె ముందు బరువుతో పోకూడదన్నారు. ఇంక ఆయన చెప్పక ముందే దిగడం మొదలుపెట్టారు. చప్టా దగ్గర ఒక రాయికి పసుపు పూశారు. టెంకాయలు కొట్టారు. సుబ్బయ్య శెట్టి అక్కడే చింతచెట్టు కింద గోలీసోడా కొట్టు, పక్కనే టెంకాయల గంప పెట్టాడు. రోగలక్షణం చుట్టూ ఒక వ్యాపారం, ఒక భక్తి పుట్టుకురావడం వైద్యశాస్త్రంలో నేనెక్కడా చదవలేదు.

చర్చి అయ్యగారు మండిపడ్డారు. "ఏంది యోసేపూ, నీ పేరు చెప్పి రాయికి పసుపు పూస్తాండారు?"

"నేనేం పూయమన్యానా అయ్యగారూ? నేను దిగమన్యా, అంతే."

"రాసియ్యి సార్"

మద్దిలేటి రెడ్డికి భక్తితో పేచీ లేదు. కానీ పోటీ బస్సు ఒకటి వచ్చింది. అది వాగు దగ్గర ఆగకుండా దుమ్ము లేపుకుంటూ పోతోంది. తను దండ వేసిన మనిషిని తనే తీసేస్తే ఊరు ఊరుకోదు. అందుకని ఆళ్లగడ్డలో నా దగ్గరికి వచ్చాడు.

"డాక్టరూ, వానికి పిచ్చుంటే పిచ్చని రాసియ్యి, మర్యాదగా ఇంటికి పంపిస్తా. లేకుంటే లేదని రాసియ్యి, పొగరని తీసేస్తా."

"రెండూ కాకపోతే?"

"రెండూ కాకుండా ఏముంటాది?"

"సగం."

"సగం పిచ్చోనికి నిండు బస్సు ఇస్తానా?" అని లేచాడు. "ఉగాదికి కొత్త డ్రైవరొస్తాడు. అంతలోపల జనాన్ని కూచోబెట్టి వాగు దాటిస్తే సరి, లేకుంటే వాడు గొర్రెలు కాసుకోవాల్సిందే."

యోసేపును పిలిపించి పరీక్ష చేశాను. పట్టీలో ఉన్నవన్నీ అడిగాను. కలలు రావు. చప్పుడుకు ఉలిక్కిపడడు. నిద్ర రాయిలా పడుతుంది. తిండి నాకంటే బాగా తింటాడు. వాగు దగ్గరికొస్తే మాత్రం అరచేతులు చెమటపట్టి స్టీరింగు జారుతుందన్నాడు.

"వాగులో ఇప్పుడు నీళ్లు లేవు కదా యోసేపూ?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "నీళ్లు లేవని నాకు తెలీదా సార్? దినామూ ఆడే పోతాండా కదా."

పిల్లలూ, రోగికి వాగులో నీళ్లు లేవని ఎప్పుడూ చెప్పకండి. మీకంటే ముందు ఆయనే చూసి ఉంటాడు.

ఆ వారంలోనే ఆయన ఇంటికి వెళ్లాను. వాకిట్లో నిలబడ్డాను. యోసేపు "రండి సార్" అన్నాడు, అంతే. తను నిలబడి మాట్లాడుతున్నాడు, నన్నూ నిలబెట్టే మాట్లాడుతున్నాడు. ఎదురుగా మంచం ఉంది, కుర్చీ ఉంది. కూర్చోమనడు. ఆయన భార్య మరియమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చి కుర్చీ జరిపింది.

"ఏమనుకోవద్దండి సార్, ఎవర్నీ కూచోమనడు ఈయన. మొన్న మా నాయనొస్తే గూడా అనలా. అలిగి నీళ్లు గూడా తాగకుండా పోయినాడు మా నాయన."

నేనూ అలిగాను. మండుటెండలో ఆసుపత్రి నుంచి నడిచివెళ్లిన డాక్టరును వాకిట్లో నిలబెడతాడా? కుర్చీ ముట్టకుండా వచ్చేశాను. దాన్ని నా అవమానాల జాబితాలో భద్రంగా చేర్చుకున్నాను.

పెద్దాయన

మద్దిలేటి రెడ్డి ఊరికే ఉండలేదు. నా పైన ఒక పెద్ద డాక్టరు ఉండేవాడు, ఆయనను పట్టుకున్నాడు. ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయన నా పేరు ఎప్పుడూ సరిగ్గా రాయలేదు. ఆయన గదిలో మూడు కుర్చీలు ఉండేవి, నాకు ఎప్పుడూ గోడవార స్టూలే చూపించేవాడు. ఆ స్టూలుకు ఒక కాలు పొట్టి.

పెద్దాయన అహోబిలం దర్శనానికి వస్తూ, అదే దారిలో యోసేపును కూడా చూసేస్తానన్నాడు. నంద్యాలలో ఆ బస్సే ఎక్కించారు. ముందు సీటు ఆయనకు, పక్కన మద్దిలేటి రెడ్డి. నేను కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. వాగు వచ్చింది. యోసేపు ఆపాడు. చెప్పాల్సిన పని కూడా లేకుండా జనమంతా సంచులు సర్దుకుని దిగారు. పెద్దాయన అటూ ఇటూ చూసి తనూ దిగాడు. శెట్టి సోడా కొట్టి చేతికిచ్చాడు. తాగాడు. ఎండిన చప్టా మీద పంచె ఎత్తి పట్టుకుని నడిచాడు. నీటిచుక్క లేని చోట పంచె ఎందుకెత్తాడో నాకిప్పటికీ తెలియదు. అవతల బస్సెక్కి కూర్చుని తేల్చేశాడు.

"ఏముందయ్యా ఇతనికి? చక్కగా నడుపుతున్నాడు. కలలు రావు, ఉలికిపాటు లేదు. జబ్బు అనడానికి చాలవు."

"మరి మీరు ఎందుకు దిగారు సార్?" అన్నాను.

"అందరూ దిగారు కదా!"

"అదే సార్ జబ్బు."

ఆయన నావైపు తిరగలేదు. మద్దిలేటి రెడ్డితో మాత్రం అన్నాడు, "మన ఈ డాక్టరుకు జబ్బులు పుట్టించే అలవాటుంది."

బస్సంతా నవ్వింది. మద్దిలేటి రెడ్డి అందరికంటే గట్టిగా నవ్వి, "అయితే పొగరే అన్నమాట. ఉగాదికి చూస్తాం" అన్నాడు. స్టీరింగు దగ్గర యోసేపు ముఖం నాకు అద్దంలో కనిపించింది. ఆయన మాత్రం నవ్వలేదు.

ఆ రోజంతా ఆ అవమానాన్ని నెమరేసుకుంటూ గడిపాను. ఒకటి గుర్తొస్తే దాని వెనకే మిగతావన్నీ వరసగా వస్తాయి నాకు. స్టూలు, మేకు, యోసేపు వాకిలి. యోసేపు వాకిలి దగ్గర ఆగాను. నన్ను కూర్చోమనలేదు, సరే. మామను కూడా అనలేదు. ఈ పెద్దాయన బస్సెక్కినప్పుడు ఓనరు పక్కనే ఉన్నా ఆయననూ అనలేదు. వరదకు ముందు ఈ మనిషి ఎలా ఉండేవాడు? బస్సెక్కిన ప్రతి ముసలివాణ్ణీ "కూకో తాతా, కూకో అవ్వా" అని కేకేసి మరీ సీటిప్పించేవాడని ఆళ్లగడ్డలో ఎవరినడిగినా చెబుతారు.

అవమానం మరిచిపోయే మంచి మనిషినైతే ఈ సంగతి నాకు తట్టేది కాదు.

"నేను దిగను"

మరుసటి ఆదివారం నంద్యాలలో బస్సెక్కి డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాను. వాగు దగ్గర అందరూ దిగారు. నేను దిగలేదు.

"దిగండి సార్," అన్నాడు యోసేపు.

"దిగను."

కిటికీ దగ్గరికి శెట్టి వచ్చాడు. "అరిష్టం సార్, దిగండి. సోడా ఇప్పిస్తా, దుడ్లు గూడా వద్దు."

"నువ్వు పో శెట్టీ."

జనం కిందినుంచి అరుస్తున్నారు. "ఏందప్పా ఈ డాక్టరు, మమ్మల్ని ఎండలో నిలబెట్న్యాడు!" "కాళ్లు పడిపోయినాయేమో సూడండప్పా!" "డాక్టరుకే డాక్టరు కావల్ల!"

యోసేపు ఇంజను ఆపేశాడు. "ఎందుకు సార్ నన్ను సతాయిస్తాండారు?"

"మీ ఇంటికొస్తే నువ్వు నన్ను కూచోమనలేదు యోసేపూ. ఆ పౌరుషం నాకింకా పోలేదు. ఇప్పుడు ఒక్కసారి 'కూచో సార్' అను. అన్న మరుక్షణం దిగిపోతా."

ఆయన నోరు తెరిచాడు. మాట రాలేదు. మెడ మీద చెమట కారి చొక్కా తడిసింది. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని వాగువైపు చూశాడు. కింద శెట్టి సోడాలు కొడుతున్న చప్పుడు వినపడుతోంది.

"నేనే చెప్పినా సార్," అన్నాడు చివరికి. వెనక్కి తిరగలేదు. "బండి ఆగిపోంగానే అందరూ లేసి అరుస్తాంటే, నేనే గట్టిగా చెప్పినా. ఎవరూ లేవద్దండి, కూచోండి, నీళ్లు పోతాయి అని. ఎవరూ నా మాట ఇనలా. అందరూ లేసినారు, కిటికీల్లో దూరినారు. అవ్వ ఒక్కతే ఇన్నది. ఆమెకు కండ్లు కనపడవు కదా. డ్రైవరు చెప్పినాడని కూచునింది."

నీ తప్పు లేదు అని అందరూ అప్పటికే దండలతో సహా చెప్పారు.

"టాపు మీదినుంచి చూసినా సార్. అట్లనే కూచోనుంది. సంచి ఒళ్లో పెట్టుకోని."

సీట్లో సర్దుకుని కూర్చుని అన్నాను, "నేను కూచునే ఉంటా యోసేపూ. నువ్వు అనాల్సిన పన్లేదు. నడుపు."

"ఏమన్నా అయితే?"

"అయితే నా పేరు తప్పులు లేకుండా రాయించు. అది చాలు."

ఆయనకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో వెనకనుంచి నాకు తెలియలేదు. భుజాలు మాత్రం కదిలాయి. ఇంజను వేశాడు. బస్సు చప్టా మీదికి దిగింది. మధ్యలో ఒక్కసారి బ్రేకు వేసి, మళ్లీ తీశాడు. అవతల గట్టెక్కాక కిందికి దిగి పోయి, తుమ్మచెట్టు దగ్గర కక్కుకున్నాడు. తర్వాత ముఖం కడుక్కుని వచ్చి, "వచ్చే ఆదివారం గూడా వస్తారా సార్?" అన్నాడు.

వైద్యం అంటే ఇదే. మందులేమీ లేవు. తప్పించుకుంటున్న దానిలోకి మనిషిని కొద్దికొద్దిగా, ఆయన ఒప్పుకున్నంత మేర తీసుకుపోవడం, పక్కన మనం కూడా ఉండటం. మరుసటిసారి మరియమ్మ కూడా కూర్చుంది. తర్వాత కండక్టరు. చర్చి అయ్యగారిని అడిగితే, టెంకాయల మీద కోపంతో ఎగిరి గంతేసి వచ్చి, వాగు దాటేదాకా గట్టిగా కీర్తన పాడారు.

యోసేపును బాగుచేయడం కష్టం కాలేదు. ప్రయాణికులను బాగుచేయడమే నావల్ల కాలేదు. కూర్చోండయ్యా అంటే కూర్చోరు. మొక్కు చెడుతుందంటారు. "యోసేపన్నకు మంచిదని దిగుతాండాం సార్, మాకేం సరదానా?" అని ఒక పెద్దమనిషి నన్ను మందలించాడు. ఆయన మీద ప్రేమతోనే, ఆయన జబ్బును అంతమంది కలిసి గట్టిగా పట్టుకుని వదలడం లేదు. శెట్టి అయితే, డాక్టరు మతం మారినాడని ప్రచారం కూడా చేశాడు.

తర్వాత కొన్నేళ్లకు పెద్దాయన ఒక సభలో సగం లక్షణాల గురించి ఉపన్యాసమిచ్చాడు. పట్టీ నిండకపోయినా మనిషి బతుకు ఆగిపోవచ్చునని, లక్షణాలెన్ని అని కాక, మనిషి చేయలేకపోతున్నదేమిటని అడగాలని చెప్పాడు. "నా అనుభవంలో ఒక డ్రైవరు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను వెనక వరసలో ఉన్నాను. ఆయన తాగిన సోడా సంగతి ఉపన్యాసంలో రాలేదు. చెప్పిన మాటలు మాత్రం సరైనవే. అందుకే మీకూ చెబుతున్నాను, ఎవరివి అన్నది నాకు తెలుసు.

ఉగాది

ఆ ఏటి ఉగాది ముందురోజు బస్సు కిక్కిరిసి ఉంది. మామిడాకులు, వేపపూత, కొత్తబట్టల సంచులు. ముందు సీట్లో మద్దిలేటి రెడ్డి, ఆయన పక్కన ఇస్త్రీ చొక్కాతో కొత్త డ్రైవరు. నంద్యాలలో సరుకు కొనుక్కుని శెట్టి కూడా ఎక్కాడు. చోటు లేక మధ్యలో నిలబడ్డాడు. నేను ఎప్పటిలా డ్రైవరు వెనక సీట్లో ఉన్నాను.

వాగు కనిపించింది. బస్సు నెమ్మదించింది. అలవాటుగా అందరూ లేచారు. సంచులు చేతికొచ్చాయి. ముందున్నవాళ్లు తలుపు వైపు జరిగారు. మద్దిలేటి రెడ్డి కొత్త డ్రైవరు వైపు చూసి కనుబొమ్మలెగరేశాడు. ఏమవుతుందో చూద్దామని నేను కూడా లేచాను. యోసేపు చేతులు నాకు కనిపిస్తున్నాయి. ఒక అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు, తర్వాత రెండోది తుడుచుకున్నాడు.

బస్సు ఆపలేదు. తల వెనక్కి తిప్పాడు.

"కూచోండప్పా," అన్నాడు. ఒకసారి దగ్గి, మళ్లీ వెనక సీటుకు వినపడేలా అరిచాడు. "అందరూ కూచోండి! ఎవరూ లేవద్దండి, వాగొస్తాంది!"

ఉన్నవాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ, దొరికిన సీట్లో, దొరికిన ఒళ్లో, గబుక్కున కూర్చున్నారు. బస్సు చప్టా మీదికి దిగి, ఆగకుండా, అవతల గట్టెక్కింది.

నేను కూర్చుందామని వెనక్కి తిరిగేసరికి నా సీట్లో సుబ్బయ్య శెట్టి ఉన్నాడు, ఒళ్లో టెంకాయల మూట పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని.

ఆళ్లగడ్డ దాకా నిలబడే వెళ్లాను. దాని గురించి మాత్రం నేను ఎవరికీ ఫిర్యాదు చేయలేదు.